బీరన్న మొకం

ఫోటో తీస్తరంటే ఆ ఊరు పెండ్లికి తయారైనట్టు తయారయింది. పేచీ అక్కడనే మొదలైంది.

సర్కారు జీపు మర్రిగూడ దాటి, తుమ్మల నడుమ దుబ్బ లేపుకుంట పోయి బడి ముందట ఆగేసరికి, గోడ నీడకు జనం వరుసగ కూచోని ఉన్నరు. నడుములు బిగుసుకపోయినోళ్లు, మోకాళ్లు ఒకదానికొకటి ఎడంగ పోయినోళ్లు, పక్కమనిషి పిలిస్తే మెడ తిరగక మొత్తం ఒంటితోటి మళ్లి చూసేటోళ్లు. అందరి తలలకు ఆముదం మెరుస్తున్నది. పెట్టెల అడుగున దాచుకున్న కోకలు, ధోవతులు బయటికి వచ్చినయి. వంకర కాళ్లామె కుచ్చిళ్లు నేలకు జారేటట్టు కోక కట్టుకున్నది. పండ్లు గారబట్టిన పడుచుపిల్లగాడు మూతి బిగబట్టుకొని, అడిగినదానికల్లా ముక్కుతోటే జవాబు చెప్పుతున్నడు. ఫోటో అంటే వాళ్లకు తెలిసింది ఒక్కటే, మనిషి బాగున్ననాటి గుర్తు. అందుకని ఏ అవిటితనం చూడటానికైతే హైదరాబాదు నుంచి డాక్టరు వచ్చిండో, ఆ అవిటితనాన్నే ఎవరికి చేతనైనట్టు వాళ్లు దాచుకొని వచ్చిన్రు.

డాక్టరు జీపు దిగి నడుము మీద చేతులు పెట్టుకొని అందరినీ ఒకసారి చూసిండు. కోస్తా దిక్కాయన. తెల్ల బుష్‌కోటు, చెమటకు జారే కండ్లద్దాలు. చెడ్డోడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలె. ఈ ఊళ్ల బావినీళ్లు మనుషుల ఎముకలను ఎట్ల కొరుక్కతింటున్నయో పైవాళ్లకు చూపిస్తే తప్ప మంచినీళ్లు రావని నమ్మినాయన. నమ్మి, ఎర్రటి ఎండలో తిరుగుతున్నాయన. తనకు తాగే నీళ్లు మాత్రం మూత బిగించిన డబ్బాలో జీపుల వెనుక పెట్టుకొని తిరుగుతడు.

"చూశారా, చూపించాల్సిందంతా దాచుకొచ్చారు" అన్నడు లక్ష్మీనర్సయ్యతోటి.

లక్ష్మీనర్సయ్య ఆ మాటకు నవ్వలేదు. ఆయన చూపు ఎండ మీద ఉన్నది. నల్లగొండ బస్టాండు ఎదురుగ ఆయనకు ఫోటో దుకాణం. పద్మశాలి ఇంట్ల పుట్టి మగ్గం వదిలినా మగ్గం ఆయనను వదల్లేదు. తండ్రి పోగు పోగుకు ఎట్ల చూసుకునేదో ఈయన వెలుగుకు, నీడకు అట్ల చూసుకుంటడు. కెమెరా నిటారుగ ఉన్నదో లేదో దారానికి సీసపు గుండు కట్టి చూస్తడు. మనిషికి, కెమెరాకు నడుమ దూరం టేపు పెట్టి కొలుస్తడు. ఫోటో కదిలిందంటే ఆ అద్దపు ప్లేటును దుకాణం గడప మీద, వచ్చేపోయేటోళ్లు చూస్తుండగ, రాయి పెట్టి పగలగొడుతడు. మసకబారిన బొమ్మ లక్ష్మీనర్సయ్య దుకాణం నుంచి ఒక్కటి బయటికి రాలేదని జిల్లాల పేరు. ఆ పేరు వినే డాక్టరు ఆయనను వెతుక్కుంట వచ్చిండు. ఈ ఊరి ఫోటోలు బాగుంటే తాలూకా పని మొత్తం నీదే అన్నడు.

బడి గోడకు తెల్ల దుప్పటి కట్టిన్రు. దాని పక్కన నలుపు, తెలుపు గీతల కొలకర్ర నిలబెట్టిన్రు. డాక్టరు చెప్పిన పద్ధతి ఒక్కటే. మీది బట్ట తియ్యాలె, పక్కకు తిరిగి నిలబడాలె, మొకం మీద గుడ్డ కప్పుకోవాలె. వెన్నుపూసలు ఒక్కొక్కటి లెక్కపెట్టేటట్టు రావాలె. సర్కారు ఫైలుకు మొకాలతోటి పనిలేదు.

పొద్దంత అదే నడిచింది. నూనె పెట్టి దువ్వుకున్న తలలు గుడ్డ కింద దాగినయి. మంచి కోకలు నడుము దాక జారినయి. ఆడోళ్లు గోడ దిక్కు తిరిగి ఏడ్చిన్రు కాని ఎవరూ వద్దనలేదు. ఊరిపెద్ద సిద్దయ్య ఒక్కొక్కరి చెవుల పడేటట్టు చెప్పుకుంట తిరుగుతున్నడు, ఇయ్యాల సిగ్గుపడితే రేపు మీ పిల్లలు గిట్లనే వంగుతరు అని. లక్ష్మీనర్సయ్య నల్లగుడ్డ కింద దూరుడు, బయటికొచ్చుడు, ప్లేటు పెట్టుడు, "ఊపిరి బిగబట్టు" అనుడు, కెమెరా మూత తీసుడు, మూత పెట్టుడు. చేతులకు తీరిక లేదు. మనుషులు మారినట్టు గుడ ఆయనకు తెలుస్తలేదు. వీపులు మారుతున్నయి, అంతే.

పొద్దు వాలుతుండగ బీరన్న వచ్చిండు.

రెండు కట్టెల నడుమ, నేల మీద ఏదో పోగొట్టుకొని వెతుకుతున్నట్టు వచ్చిండు. నడుము కాడ విరిగి, మెడ కాడ మళ్ల వంగి, గదుమ రొమ్ముకు ఆనిపోయిన మనిషి. ఎదురుగ నిలబడ్డోళ్లకు ఎర్ర రుమాలు చుట్టిన నడినెత్తి తప్ప మొకం అనేది కనపడదు. కొత్త రుమాలు, ఉతికిన ధోవతి, భుజాల మీద నల్ల గొంగడి. పక్కన పెండ్లాం గోపమ్మ. కొడుకు ఐలేశం గొర్లను తోలుకొని అచ్చంపేట దిక్కు అడివికి పోయిండు, వానలు పడ్డంక గాని రాడు.

ఊరంతటికి ఎక్కువ వంగింది బీరన్ననే. అందుకే డాక్టరు కుర్చీల నుంచి లేచి ఎదురుపోయి, ఆ వీపు చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్లతోటి పూసలు తడిమి చూసిండు. "ఇది. ఇదొక్కటీ స్పష్టంగా వస్తే చాలు" అన్నడు. గొంగడి తియ్యుమన్నడు, రుమాలు తియ్యుమన్నడు, మొకానికి గుడ్డ తెమ్మన్నడు.

కింది నుంచి గొంతు వచ్చింది.

"మొకానికి గుడ్డెందుకు సారూ? నేనింక సావలేదు గద."

జనం కిసుక్కుమన్నరు. డాక్టరు గుడ నవ్విండు. బీరన్న మాత్రం నవ్వలేదు. ముందు నా మొకం తియ్యి, వెనుక వీపు తీసుకుంటవో కాళ్లు తీసుకుంటవో నీ ఇష్టం అన్నడు. డాక్టరు ఓపికగనే చెప్పిండు, ప్లేట్లు సర్కారువి, ఒక్కటి గుడ వృథా చేయరాదని. మొకం చూస్తే పైవాళ్లు అయ్యో అని జాలిపడి ఊరుకుంటరు, ఎముక చూపిస్తే కూచోని లెక్క వేస్తరు, నీళ్లు జాలికి రావు లెక్కకు వస్తయి అని. ఆ మాటల తప్పు పట్టేది ఏమీ లేదు. సిద్దయ్య తల ఊపిండు.

గోపమ్మ అప్పుడు మొగని ముందట గొంతుకూచున్నది. కూచోని, మెడ వెనుకకు వంచి, బావిలకు తొంగిచూసేటోళ్లకు తిరగేసినట్టు, కింది నుంచి మీదికి ఆయన మొకంలకు చూసింది. ఎన్నేండ్ల అలవాటో, ఆ కూచునుడుల ఇబ్బంది లేదు. మాట్లాడాలన్నప్పుడల్లా ఆమె అట్లనే కూచుంటది.

"ఏమంటవు ఐలేశం నాయినా? సారు మంచికే చెప్తున్నడు" అన్నది.

"మందల పిల్ల తప్పిపోతే ఏం జేస్తం గోపమ్మా?" అన్నడు బీరన్న. ఆమెతోటి అంటున్నా అది అందరికీ. "మొకం చూసి తల్లి కాడ ఇడుస్తం. వీపు చూసి ఎవడన్న గుర్తువడతడా? గొర్రెకున్న పాటి నాకు లేదా? రేపు నేను పోయినంక నా కొడుకు గోడకు నా వీపు ఏలాడదీసుకుంటడా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

డాక్టరు లక్ష్మీనర్సయ్య దిక్కు చూసిండు. తీయవచ్చునా అని కాదు, తీయరాదని చెప్పుమన్నట్టు. లక్ష్మీనర్సయ్య చెప్పిండు. ఆ మొకం ఆయన రొమ్ము నీడలనే ఉన్నది. వెలుగు పడదు. కెమెరాను నేలకు దించితే తప్ప అందదు, దించితే నిటారుగ నిలవదు. నీడల తియ్యాలంటే కెమెరా కన్ను పెద్దగ తెరవాలె, తెరిస్తే ముక్కు వస్తే కండ్లు రావు, కండ్లు వస్తే గదుమ రాదు. సేపు ఎక్కువ పట్టాలె, పెద్దమనిషికి వణుకు, కదులుతది. బొమ్మ రాదు. అన్నీ నిజాలే. ఒక్క అబద్ధం గుడ లేదు.

గోపమ్మ నేల మీద కూచున్నదల్లా మళ్లి చూసింది.

"నాకైతే రోజు కనవడుతనే ఉన్నదన్నా" అన్నది.

ఎండ అప్పటికే ఎర్రబడ్డది. ఇగ రేపు పొద్దుగాల చూద్దామని అందరినీ పంపించిన్రు. జీపు కాడికి పోతుంటే లక్ష్మీనర్సయ్యనే డాక్టరుకు దారి చెప్పిండు. జాతరల్ల చిన్నపిల్లలు వెంటపడితే ఆయన చేసేది అదే. ప్లేటు లేకుండనే గుడ్డ కింద దూరి, మూత తీసి, మూత పెట్టి, వచ్చింది పో అంటడు. పిల్లలు సంబురంగ ఉరుకుతరు. ముసలాయనకు గుడ అదే చేస్తే సరి. తర్వాత బొమ్మ చెడిపోయిందని చెప్పవచ్చు. డాక్టరు ఒక్క క్షణం ఆగి, కండ్లద్దాలు తుడుచుకొని, ఏం చేస్తారో మీ ఇష్టం, నాకు వీపు కావాలి అన్నడు. డబ్బా మూతల నీళ్లు పోసి లక్ష్మీనర్సయ్యకు గుడ ఇచ్చిండు. ఇద్దరూ తాగిన్రు.

ఆ రాత్రి సిద్దయ్య బీరన్న ఇంటికి పోయి వచ్చిండని తెల్లారి తెలిసింది. నీ ఒక్కని మొకం కోసం ఊరి నీళ్లకు అడ్డం పడుతవా అని అడిగిండట. కోరిన పిల్లను చేసుకోబోయే పెండ్లికొడుకు లెక్క మొకం మొకం అంటవేంది అని దెప్పిండట. గోపమ్మ లోపలి నుంచే జవాబు చెప్పిందట, ఆయన పెండ్లినాడు గుడ ఎవరూ ఫోటో తియ్యలేదు పటేలా, తీసుంటే గిప్పుడు అడగకపోవు అని.

తెల్లారి డాక్టరు జీపుల కూచోని కాయితాలు రాసుకుంటున్నడు. ఈ తతంగం చూడటం ఆయనకు ఇష్టం లేదు. లక్ష్మీనర్సయ్య బీరన్నను బడి మెట్టు మీద కూచోబెట్టిండు. రుమాలు సర్దుకోనిచ్చిండు, గొంగడి ఉండనిచ్చిండు. కెమెరాల దోపటానికని ఖాళీ ప్లేటు పెట్టెను తీసి పక్కన పెట్టుకున్నడు. ఎన్ని జాతరల్ల చేసిన పని.

"ఆడ కాదన్నా" అన్నది గోపమ్మ. "ఆణ్నించి రుమాలే కనవడతది. ఈడికి రా. నేను కూసునే జాగల కూసో."

వద్దంటే అనుమానం వస్తది. లక్ష్మీనర్సయ్య మూడుకాళ్ల దాని మీద నుంచి కెమెరాను ఊడదీసిండు. ఆమె చూపిన జాగల, బీరన్న పాదాల ముందట, గోపమ్మ మడిచి వేసిన సంచి మీద పెట్టిండు. కెమెరా మూతి మీదికి లేపి, కింద రాయి దోపిండు. సీసపు గుండు తీయలేదు, కొలిచే టేపు తీయలేదు. ఉత్తదానికి కొలతలెందుకు. ఇక చూడాలంటే బొక్కబోర్ల పండుకోవాల్సిందే. ఇస్త్రీ అంగీతోటి దుబ్బల పండుకున్నడు. శాలాయన బీరన్నకు సాష్టాంగం పెడుతున్నడని వెనుక ఎవరో అన్నరు, జనం నవ్విన్రు. లక్ష్మీనర్సయ్య చెవులు వేడెక్కినయి. జల్ది ముగించాలని నల్లగుడ్డ మీదికి గుంజుకున్నడు.

గుడ్డ కింద చీకటి. తన ఊపిరి తనకే తగులుతున్నది. ఎదురుగ మసకద్దం. దాని మీద బొమ్మ ఎప్పుడైన తలకిందులుగనే పడుతది. ఎన్నేండ్లుగానో తలకిందుల మనుషులను చూసి చూసి, ఆయనకు అది తలకిందులని గుడ యాదికి రాదు. అంచులు కోసుగ ఉన్నయా లేవా, అంతవరకే చూస్తడు.

ఈసారి అంచులు కనపడలేదు. మనిషి కనపడ్డడు.

నేల మీదికి పోయింది, ఆకాశం కిందికి వచ్చింది. వంగిన మెడ లేచిన మెడ అయింది. బీరన్న తల మీదికెత్తి చూస్తున్నడు, మబ్బు పట్టిందా లేదా అని గొర్లకాపరి చూసినట్టు. తెల్లటి గడ్డం మొలకలు, పెదవి మూలకు తంబాకు మరక, చెంపల మీద ఎండిన చెరువు నేల లెక్క పగుళ్లు. కండ్లు మాత్రం తడిగ, చురుకుగ ఉన్నయి. ఆ కండ్లు కెమెరా మీద ఉన్నయి, తెలియనిదాన్ని చూస్తున్నట్టు బెదురుతున్నయి. అంతల కెమెరా పక్కన గోపమ్మ వచ్చి గొంతుకూచున్నది కావచ్చు, కండ్లు కొద్దిగ జరిగినయి. జరిగి, నిలిచినయి. మొకం మొత్తం సదురుకున్నది.

"మంచిగున్ననా?" అని బీరన్న అడుగుడు గుడ్డ బయటి నుంచి వినపడ్డది.

"మంచిగున్నవు తీ" అన్నది గోపమ్మ.

లక్ష్మీనర్సయ్య తన చేతిని చూసుకున్నడు. బొటనవేలు మర తిప్పుతున్నది. ఒక వెంట్రుకంత ముందుకు, ఒక వెంట్రుకంత వెనుకకు, కండ్లు తేటపడేదాక. ఖాళీ పెట్టెకు ఆ పని అవసరం లేదు. చెయ్యి దానంతటదే చేస్తున్నది.

గుడ్డ తీసి లేచి కూచున్నడు. అంగీ నిండ దుబ్బ. జీపు దిక్కు చూసిండు, డాక్టరు తల వంచుకొని రాసుకుంటున్నడు. సర్కారు ప్లేట్ల పెట్టెను ముట్టలేదు. సంచి అడుగున పెట్టెల తన సొంతం ప్లేటు ఒకటి ఉన్నది, ఏదో పెండ్లిల మిగిలింది, పాతబడ్డది. దాన్ని తీసిండు. ఖాళీది పక్కకు నూకి అది దోపిండు.

"ఇందాక తీసింది వదిలి ఇంకోటి పెట్టినవేందన్నా?" అన్నది గోపమ్మ.

"అది బాగలేదు" అన్నడు. ఆమె మొకం చూడలేదు.

కన్ను పూర్తిగ తెరిచిండు. ఊపిరి బిగబట్టు అనబోయి ఆగిండు. బిగుసుకపోయిన ఆ రొమ్ములకు ఊపిరి పోవుడే కష్టంగ పోతున్నది, ఇక బిగబట్టేది ఏడికి. ఏమీ అనకుండ మూత తీసిండు. తీసి, లోపల లెక్కపెట్టుకుంటున్నడు. లెక్క సగంల ఉండగ బీరన్న పెదవి మూల నుంచి చొంగ జారింది. గోపమ్మ చెయ్యి పక్క నుంచి వచ్చి, కొంగుతోటి ఒక్క తుడుపు తుడిచి పోయింది. లక్ష్మీనర్సయ్య అరవాలని నోరు తెరిచిండు. కాని లెక్క తప్పనియ్యలేదు. లెక్క ముగించి మూత పెట్టిండు.

ప్లేటు చెడ్డది. అది ఆయనకు అప్పుడే తెలుసు.

నెత్తి మీద నీడ పడ్డది. డాక్టరు వచ్చి నిలబడ్డడు. చేతుల గుడ్డ ఉన్నది.

"అయిందా నాటకం? ఇక అసలు పని చూడండి" అన్నడు.

మెల్లగనే అన్నడు. కాని గోపమ్మ ఇంకా కిందనే కూచోని ఉన్నది. ఆమె తల ఎత్తి డాక్టరును చూసింది, తర్వాత లక్ష్మీనర్సయ్యను చూసింది. లక్ష్మీనర్సయ్య కాదు అని చెప్పవచ్చు. చెప్తే డాక్టరుకు తెలుస్తది, తాలూకా పని అక్కడనే తెగుతది. చెప్పినా ఏం చెప్పాలె, తీసిన, కాని చెడిపోయింది అనా? రేపు చెప్పుదామని తయారుచేసి పెట్టుకున్న అబద్ధం అదే మాట గద. ఆయన దుబ్బ దులుపుకుంట "అయింది" అన్నడు.

గోపమ్మ లేచింది. బీరన్నకు నాటకం అన్న మాట వినపడిందో లేదో తెలియదు. ఆయన మాట మీద నిలబడ్డడు. రుమాలు తీసి పెండ్లాం చేతికి ఇచ్చిండు, గొంగడి జారవిడిచిండు, తెల్ల దుప్పటి ముందట రెండు కట్టెల మీద పక్కకు తిరిగి నిలబడ్డడు. మొకం మీద గుడ్డ గోపమ్మనే కప్పింది. కప్పి, గుడ్డ అంచును ఆయన చెవి వెనుకకు సర్దింది, గాలి ఆడాలని. లక్ష్మీనర్సయ్య టేపు పెట్టి కొలిచిండు, సీసపు గుండు చూసిండు. వీపు ఫోటో బ్రహ్మాండంగ వచ్చిందని మూత పెట్టంగనే తెలిసిపోయింది.

జీపు ఎక్కేటప్పుడు ఆమె వచ్చి పక్కన నిలబడ్డది. చేతుల చెంబు ఉన్నది. తాగుతవా అని ఎత్తింది. లక్ష్మీనర్సయ్య చెయ్యి ముందుకు పోయి, ఆగి, వెనుకకు వచ్చింది. వద్దమ్మా అన్నడు.

"మరి పటం ఎప్పుడు తెస్తవన్నా?" అన్నది. జవాబు కోసం ఆగకుండ చెంబు పట్టుకొని మళ్లిపోయింది.

దుకాణం వెనుక చీకటర్రల ప్లేట్లు కడిగిండు. సర్కారు ప్లేట్లు ఒక్కటి చెడలేదు. వీపులు అద్దం మీద చెక్కినట్టు లేచినయి. పూసకు పూసకు నడుమ సందు కనపడుతున్నది. ఆఖరుకు తన ప్లేటు తీసి, ఎర్ర దీపం బుడ్డి ముందట పెట్టి చూసిండు. అనుకున్నట్టే ఉన్నది. చెవులు లేవు, గదుమ పొగల కలిసిపోయింది. మూతికి అడ్డంగ ఒక తెలుపు మరక పాకింది. కండ్లు ఒక్కటే నిలిచినయి, అవి గుడ కోసుగ లేవు.

నీళ్లోడుతున్న ప్లేటును ఆరిపోనిచ్చి గడప కాడికి తెచ్చిండు. ఇంకేం ఆలోచన లేదు, పగలగొట్టుడు ఆయనకు చెప్పులు విడిచినంత అలవాటు. రాయి చేతిలకు తీసుకున్నంక వెలుగుకు ఇంకొకసారి పెట్టి చూసిండు. అక్కడనే కాయితాలు కడిగే తొట్టి కాడ కూచున్న ఆయన భార్య ఆండాళు లేచి వచ్చి భుజం మీది నుంచి తొంగిచూసింది.

"ఎవరిని చూస్తున్నడు గీయన?" అన్నది.

"కెమెరను."

"కాదు. పక్కకు చూస్తున్నడు. ఎవరో ఉన్నరు ఆడ."

లక్ష్మీనర్సయ్య కదిలిన బొమ్మ అన్నడు, చెడిన ప్లేటు అన్నడు, ఇది బయటికి పోతే పేరు పోతది అన్నడు. ఆండాళు తడిచేతులు కొంగుకు తుడుచుకున్నది. నడిమింటి గోడకు వాళ్ల పెండ్లి ఫోటో ఉన్నది, ఆయన తన చేతితోటి కెమెరా పెట్టి, వేరేటాయనతోటి మూత తీయించి తీసుకున్నది. దాని దిక్కు చూసింది.

"అండ్ల అన్ని సక్కగనే ఉన్నయి. నా చెవుల కమ్మలకు రాళ్లు గుడ లెక్కవెట్టొచ్చు. ఊపిరి బిగబట్టుమన్నవు, బిగబట్టిన. నేనే కనవడ" అన్నది. అని, దెప్పుతున్నట్టు గుడ లేకుండ తొట్టి కాడికి పోయి కూచున్నది.

ఆయన గడప కాడ చాలాసేపు నిలబడ్డడు. బస్సు కోసం నిలబడ్డోళ్లు ఇద్దరు, రాయి చూసి, ఇయ్యాల పగులుతది చూడు అనుకుంట దగ్గరికొచ్చిన్రు. లక్ష్మీనర్సయ్య రాయిని గడప పక్కన పెట్టి లోపలికి పోయిండు.

తెల్లారి డాక్టరు వచ్చిండు. బల్ల మీద వీపుల ఫోటోలు పరిచి, భూతద్దం పెట్టి ఒక్కొక్కటి చూసుకుంట పోతున్నడు. మొకం విప్పారుతున్నది. బీరన్న వీపు కాడ ఆగి, పెన్సిలు మొనతోటి పూసలు లెక్కపెట్టుకున్నడు. ఇలాంటిది ఇంతవరకు ఏ రిపోర్టులోనూ చూడలేదు అన్నడు. తాలూకా పని సంగతి తనే ఎత్తిండు, పండుగ వెళ్లంగనే బయలుదేరుదామన్నడు. లక్ష్మీనర్సయ్య తల ఊపుతున్నడు కాని ఆయన కండ్లు ఫోటోలు ఆరేసే తాడు మీద ఉన్నయి. అక్కడ, ఆరటానికి చిమటాతోటి పట్టించిన కొత్త ఫోటో వేలాడుతున్నది. దాన్ని లోపలికి తీయాలని పొద్దటి నుంచి అనుకుంటున్నడు. తీయలేదు. తీయకపోవుడు మరుపు కాదు.

డాక్టరు లేచి, ఒళ్లు విరుచుకొని, తాడు కాడికి నడిచిండు. చేతులు వెనుకకు కట్టుకొని ఆ ఫోటో ముందట నిలబడ్డడు. లక్ష్మీనర్సయ్య లోపల అనుకుంటున్నడు. నాటకం అని చెప్పి నిజం తీసినవా అంటడు. పని పోతది.

డాక్టరు చాలాసేపు చూసిండు.

"ఎవరీయన? మీ నాన్నగారా?" అన్నడు.

ఎగతాళి కాదు. నిజంగనే అడిగిండు. లక్ష్మీనర్సయ్య ఆయన మొకంలకు చూసిండు, ఏదన్న నటన ఉన్నదా అని. లేదు. డాక్టరు వెన్ను తడిమిండు, మోకాళ్లు వంచి చూసిండు, ఎత్తు కొలిచిండు, రెండు దినాలు ఆ మనిషి చుట్టూ తిరిగిండు. ఈ మొకాన్ని ఆయన ఇప్పుడే మొదటిసారి చూస్తున్నడు.

లక్ష్మీనర్సయ్య బల్ల మీది నుంచి బీరన్న వీపు ఫోటోను తెచ్చి, తాడు మీది దాని పక్కన పట్టుకొని నిలబడ్డడు. డాక్టరు దీన్ని చూసిండు, దాన్ని చూసిండు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. అవి మురికిగ ఏమీ లేవు.

"కదిలిపోయింది" అన్నడు ఆఖరుకు. వీపుల ఫోటోలు లెక్కచూసుకొని కవరుల పెట్టుకున్నడు. గడప దిగుతుండగ మళ్లి, "అది ఫైల్లో పెట్టడం కుదరదండీ" అన్నడు. పెట్టుమని ఆయనను ఎవరూ అడగలేదు. తాలూకా పని మాట ఆయన మళ్ల ఎత్తలేదు, లక్ష్మీనర్సయ్య అడగలేదు.

ఆదివారం నాడు లక్ష్మీనర్సయ్య పటం కట్టించి, పాత ధోవతిల చుట్టుకొని బస్సు ఎక్కిండు. మర్రిగూడల దిగి నడిచిండు. పటానికి వెనుక ఇనుప కొక్కెం వేయించిండు, జేబుల ఒక మేకు, చేతిసంచిల చిన్న సుత్తి పెట్టుకున్నడు. పటం వంకరగ వేలాడితే ఆయన ఓర్చుకోలేడు, తనే కొట్టి రావాలె.

గోపమ్మ వాకిట్ల ఉన్ని ఏరుతున్నది. ఆయనను చూసి లేవలేదు.

"ఇంకేం మిగిలిందన్నా, తీసుకపోను?" అన్నది.

లక్ష్మీనర్సయ్య ధోవతి ముడి విప్పి పటం ఆమె చేతికిచ్చిండు. ఆమె చేతుల ఉన్ని వెంట్రుకలు అద్దానికి అంటుకున్నయి. చూసింది. తర్వాత దాన్ని రొమ్ముకు ఆనించుకొని లోపలికి పోయింది.

బీరన్న గుంజకు ఆనుకొని కూచున్నడు. లక్ష్మీనర్సయ్య గోడలు చూస్తున్నడు, వెలుగు ఎటు నుంచి వస్తది, అద్దం మీద మెరుపు పడని జాగా ఏది అని. తలుపుకు ఎదురు గోడ బాగున్నది. మేకు తీసి గోడకు ఆనిస్తుంటే వెనుక చప్పుడైంది. గోపమ్మ పటాన్ని నేల మీద, మొగని పాదాల ముందట, నిలువుగ గురిగి కుండకు ఆనించి పెట్టింది.

"గోడ మీద పెడితె గాయనకెట్ల కనవడతదన్నా?" అన్నది.

బీరన్న చూసిండు. ఆయన చూపు ఉండేదే అక్కడ. ఎక్కడికీ తిప్పుకోకుండ, ఎవరినీ పట్టుకోకుండ, తన మొకం తాను చూసుకున్నడు. గొంతు లేచింది.

"గింత ముసలోనయిననా గోపమ్మా?"

ఆమె గొంతుకూచోని ఉన్నది. ఒకసారి పటాన్ని, ఒకసారి మీది మొకాన్ని చూసింది.

"రోజు చూస్తుంటె నాకు తెల్వలే" అన్నది.

కట్టె చివరతోటి బీరన్న అద్దాన్ని ముట్టిండు. మూతి మీద ఈ పొగ లెక్క ఉన్నదేంది అని అడిగిండు. లక్ష్మీనర్సయ్య దారి పొడుగుత ఈ మాటకే జవాబు తయారుచేసుకుంట వచ్చిండు. కదిలింది పెద్దాయనా, ప్లేటు జర చెడింది, ఇంకొకసారి మంచిగ తీస్త అని మొదలుపెట్టిండు.

"చెడుడేంది" అన్నడు బీరన్న. "గోపమ్మ చెయ్యి గది."

ఈలోగ వాకిలి నిండ జనం. సిద్దయ్య వచ్చిండు. నిలబడి చూస్తే ఆయనకు పటం అంచు తప్ప ఏమీ కనపడలేదు. రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, అబ్బా అనుకుంట, బిగిసిన నడుముతోటి మెల్లగ కిందికి దిగి కూచున్నడు. వెనుకొచ్చినోళ్లు అట్లనే కూచున్నరు. వంకర కాళ్లామె కూచోలేక చేతుల మీద ఒరిగింది. ఇంట్ల నిలబడి ఉన్నది లక్ష్మీనర్సయ్య ఒక్కడే, ఒక చేతుల సుత్తి, ఒక చేతుల మేకు.

మేకు జేబుల వేసుకొని ఆయన గుడ కూచున్నడు.

నీళ్ల సంగతి ఏమన్న తెలిసిందా అని సిద్దయ్య అడిగిండు. ఫైలు హైదరాబాదు పోయిందట అన్నడు లక్ష్మీనర్సయ్య. ఫోటోలు చాన బాగొచ్చినయట అన్నడు. అంతకు మించి ఆయనకు తెలియదు.

గోపమ్మ కుండల ముంచి చెంబు తెచ్చి ముందట పెట్టింది. తాగుమని ఈసారి అనలేదు. ఎర్రటి ఎండల నడిచొచ్చిన మనిషి. లక్ష్మీనర్సయ్య చెంబు ఎత్తి లోపలికి చూసిండు. తేటగ ఉన్నయి నీళ్లు. ఒక్క నలక లేదు. చెంబు అడుగున అచ్చు కొట్టిన అక్షరాలు గుడ ఒక్కొక్కటి చదవచ్చు.

తాగిండు. మామూలు నీళ్ల లెక్కనే ఉన్నయి.